బోనులో నిలిచిన మాట: సాక్షి నడత, న్యాయస్థాన భాష – వికారాబాద్, తాండూరు నేపథ్యం

వ్యాససంగ్రహం

కోర్టు మెట్లెక్కే సామాన్యుడికి ‘అక్కడ ఎలా మెలగాలి’ అని చెప్పే హితబోధ వకీళ్ళ నుంచి, గుమాస్తాల నుంచి, ఊరి పెద్దల నుంచి నిరంతరం అందుతూనే ఉంటుంది. ఆ హితబోధ మనిషి నిలబడే తీరును, చూపును, దుస్తులను దిద్దుతుంది గాని అతని మాట రాతలోకి చేరే దారిని గురించి మౌనం వహిస్తుంది. పలు భాషలు కలిసే వికారాబాద్, తాండూరు ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని, ధర్మశాస్త్రం, వర్తమాన చట్టం, తెలుగు సాహిత్యం ఆధారంగా ఆ మౌనాన్ని విమర్శకు పెట్టడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: సాక్షి నడత, వాంగ్మూలం, న్యాయస్థాన భాష, తాండూరు, మితాక్షర, కన్యాశుల్కం, రావిశాస్త్రి.

1. ఉపోద్ఘాతం

వికారాబాద్ 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. 2022 జూన్ 2న తెలంగాణలో కొత్త న్యాయ జిల్లాలు పని ప్రారంభించినప్పుడు ఈ జిల్లాకు సొంత జిల్లా న్యాయస్థానం సమకూరింది. అంతకుముందు ఈ ప్రాంతం రంగారెడ్డి జిల్లాలో ఉండేది. మరికొంత వెనుకకు వెళితే తాండూరు, కొడంగల్ తాలూకాలు హైదరాబాద్ రాష్ట్రంలోని గుల్బర్గా జిల్లాకు చెందినవి. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం గుల్బర్గా జిల్లాను మైసూరు రాష్ట్రంలో కలుపుతూ ఈ రెండు తాలూకాలను మాత్రం మినహాయించింది. అందువల్ల అవి తెలుగు రాష్ట్రంలోకి వచ్చాయి.

ఈ చరిత్ర ఇక్కడి మాటలో నిలిచి ఉంది. తాండూరు బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడం వినిపిస్తాయి. చుట్టూ ఉన్న తండాలలో లంబాడీ వినిపిస్తుంది. నాపరాతి గనిలో పనిచేసే కూలీ, కంది పండించే రైతు, బండల పాలిషింగ్ యూనిట్ యజమాని ఒకే న్యాయస్థానంలో ఎదురెదురుగా నిలవవలసి రావచ్చు. ముగ్గురికీ అందే హితబోధ ఒకటే: వేళకు రావాలి, శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి, చేతులు కట్టుకొని నిలబడాలి, అడిగినదానికే జవాబు చెప్పాలి, జడ్జిగారి వైపు చూసి మాట్లాడాలి, తడబడకూడదు. ఈ సలహాలలో కొన్ని అవసరమైనవే. అయితే ఇవన్నీ ఒక నమ్మకంపై ఆధారపడి ఉన్నాయి. మనిషి నడతను చూసి అతని మాట నిజమో అబద్ధమో తెలుసుకోవచ్చునన్నది ఆ నమ్మకం. దాని బలమెంతో ముందుగా పరిశీలించాలి.

2. నడతను చదవడం: మితాక్షర నుంచి నేటి సంహిత వరకు

యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయం వ్యాజ్యంలో గాని సాక్ష్యంలో గాని దోషి అనిపించేవాడి లక్షణాలను వర్ణించింది. అతడు ఒకచోట కుదురుగా నిలవడు; పెదవుల మూలలు నాకుతాడు; నుదుట చెమట పడుతుంది; ముఖం రంగు మారుతుంది; నోరెండి మాట తడబడుతుంది; ఎదుటివారి చూపుకు, మాటకు తగిన స్పందన ఇవ్వడు. శతాబ్దాల నాటి ఈ పట్టికను నేటి ఏ కోర్టు వరండాలో చదివినా కొత్తగానే ఉంటుంది. మొదటిసారి బోనెక్కిన నిర్దోషిలో కూడా ఈ లక్షణాలన్నీ కనిపించడమే అందుకు కారణం.

ఈ చిక్కును వ్యాఖ్యాత విజ్ఞానేశ్వరుడు గుర్తించాడు. చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని కాలంలో, కల్యాణిలో రూపొందిన మితాక్షర ఈ లక్షణాలు దోషం ఉండవచ్చుననే సంభావనను మాత్రమే కలిగిస్తాయని, దోషాన్ని నిశ్చయించవని స్పష్టం చేసింది. స్వభావం వల్ల కలిగే వికారాన్ని, సందర్భం వల్ల కలిగే వికారాన్ని విడదీసి తెలుసుకోవడం కష్టమన్నది ఆ వ్యాఖ్య చూపిన హేతువు. కల్యాణి, అంటే నేటి బసవకల్యాణ్, తాండూరుకు వాయవ్యంగా ఉన్న పట్టణమే. మితాక్షరను 13వ శతాబ్దిలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెలుగు చేశాడు. కాబట్టి నడతను అనుమానంతో చదవాలన్న వివేకం ఈ నేలకు, ఈ భాషకు కొత్తది కాదు.

ఆధునిక చట్టం కూడా నడతను పూర్తిగా తోసిపుచ్చలేదు. సాక్షిని విచారిస్తున్నప్పుడు అతని నడత గురించి ముఖ్యమనిపించిన వ్యాఖ్యలను న్యాయాధికారి నమోదు చేయాలని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 280వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అదే నియమం 315వ సెక్షన్‌గా కొనసాగుతున్నది. సివిల్ వ్యాజ్యాలలో ఈ అధికారాన్ని సివిల్ ప్రొసీజర్ కోడ్ 18వ ఆర్డరు 12వ రూలు ఇస్తున్నది. సాక్షిని కళ్ళారా చూసిన కింది కోర్టు అంచనాను అప్పీలు కోర్టులు గౌరవించడానికి కూడా ఇదొక కారణం. కాగితం మీద కనిపించని విషయం ఏదో కింది న్యాయమూర్తికి కనిపించి ఉంటుందన్న తర్కం అందులో ఉంది. ఈ తర్కాన్ని తేలికగా తీసివేయలేము.

అయితే దాని హద్దును సుప్రీంకోర్టే గీసింది. 1983 నాటి భర్వాడా భోగిన్‌భాయి హిర్జీభాయి కేసు తీర్పు సాక్ష్యాలలో చిన్న చిన్న తేడాలు ఎందుకు వస్తాయో వివరించింది. పూర్తిగా నిజం చెప్పే సాక్షి కూడా కోర్టు వాతావరణానికి, పదునైన అడ్డుప్రశ్నలకు బెదిరి, కంగారులో విషయాలను కలగలపవచ్చునని ఆ తీర్పు గుర్తించింది. వేళను గురించి జనం చెప్పేది సాధారణంగా అప్పటికప్పుడు కట్టే అంచనా మాత్రమేనని కూడా పేర్కొన్నది. మితాక్షర సందర్భజన్యమైన వికారమన్నదీ, ఈ తీర్పు కోర్టు వాతావరణమన్నదీ ఒకే సత్యానికి రెండు పేర్లు.

3. మాట వాంగ్మూలంగా మారే దారి

నడతపై దృష్టి పెట్టిన హితబోధ విడిచిపెట్టిన అసలు విషయం మాట ప్రయాణం. బోనులో చెప్పిన మాట చెప్పినట్లుగా రాతలోకి చేరదు. సెషన్స్ విచారణలో సాక్ష్యాన్ని సాధారణంగా కథన రూపంలో రాసుకోవాలని సంహిత 311వ సెక్షన్ చెబుతుంది. ప్రశ్న, జవాబుల రూపంలో రాయడం న్యాయాధికారి విచక్షణకు వదిలింది. అంటే ప్రశ్న అదృశ్యమై, జవాబు మాత్రమే సాక్షి స్వయంగా చెప్పిన వాక్యంగా మిగులుతుంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. “నువ్వు ఆ దినం ఆడ లేనే లేవు గదా?” అని వకీలు అడుగుతాడు. “ఎందుకు లేను సారూ, నేను ఆడ్నే ఉన్న” అని సాక్షి అంటాడు. రాతలో అది “ఆ రోజు నేను అక్కడ లేననడం నిజం కాదు” అవుతుంది. అర్థం చెడలేదు. కాని సాక్షి గొంతులోని రోషం పోయింది. తన ఉనికిని తానే స్థాపించుకున్న క్రియ పోయింది. ఎదుటివారి ఆరోపణను కాదనడం మాత్రం మిగిలింది. అలాగే “పొద్దు వాలినంక, కంది కోతలప్పుడు” అని రైతు చెప్పిన కాలం “సుమారు సాయంత్రం 6 గంటలకు” అని మారితే, ఆ తరువాతి అడ్డుప్రశ్నలన్నీ సాక్షి నోట రాని ఆ అంకె మీదనే నడుస్తాయి. అతడు తడబడతాడు. ఆ తడబాటు అతని నడతగా లెక్కకు వస్తుంది. మాటను మార్చినది రాత; దాని భారాన్ని మోసేది మనిషి.

తాండూరు వంటి చోట ఈ సమస్య రెట్టింపవుతుంది. ‘ముద్దాయి’ అనే ఒక్క మాట చాలు. తెలుగు పత్రికలలో, పోలీసు రాతలో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. ఆ మాటకు మూలమైన ఉర్దూ ‘ముద్దయీ’కి దావా వేసినవాడని అర్థం, ప్రతివాదిని ఉర్దూలో ‘ముద్దాఅలైహ్’ అంటారు. ఉర్దూ ఇంటిమాటగా గలవాడికి, తెలుగు పత్రిక చదివేవాడికి ఒకే శబ్దం ఎదురెదురు అర్థాలనిస్తుంది. 1880వ దశకంలో నిజాం రాజ్యంలో పారసీ స్థానాన్ని ఉర్దూ తీసుకున్నది మొదలు పేషీ, వకీలు, దావా, గవాయి, బయాను, జమానతు వంటి మాటలు ఇక్కడి పల్లెల దాకా చేరాయి. అక్షరం రాని వృద్ధురాలికి కూడా ‘పేషీ’ అర్థమవుతుంది. ‘వాయిదా’ కొంత ఆలోచింపజేస్తుంది. చట్టం తెలుగు అనువాదాలలోని సంస్కృత పదబంధాలు అసలే అందవు.

మర్యాద రూపాలది మరొక చిక్కు. గ్రామీణ తెలంగాణ మాటలో “సారూ, నువ్వే జెప్పాలె” అన్న వాక్యం అగౌరవం కాదు. ‘సారూ’ అన్న పిలుపులోనే గౌరవం ఉంది. బహువచనమే మర్యాదకు గుర్తు అని పాఠ్యపుస్తకాల నుంచి నేర్చుకున్న చెవికి అదే వాక్యం పొగరుగా వినిపించవచ్చు. ఇక్కడ దిద్దుకోవలసింది మాట్లాడేవాడి నాలుకా, వినేవారి చెవా అన్నది విమర్శ అడగవలసిన ప్రశ్న.

భాష కారణంగా కలిగే చిన్నతనం ఈ ప్రాంత చరిత్రకు తెలిసినదే. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కరణ సభలో న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు ఎగతాళి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాటలే వృత్తిగా గల న్యాయవాదికే సభలో ఆ అనుభవం ఎదురైతే, బోనులో నిలిచిన కూలీ మౌనాన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. శతాబ్ది గడిచాక, 2023 జూన్‌లో, తెలంగాణ హైకోర్టు తొలిసారిగా తెలుగులో తీర్పు వెలువరించింది. ఆ తీర్పు విలువ గొప్పది. కాని తీర్పు వ్యాజ్యానికి చివరి పుట. సామాన్యుడికి భాష అవసరం మొదటి పుట నుంచే ఉంటుంది.

4. సాహిత్యం ఇచ్చిన సాక్ష్యం

న్యాయస్థానంలో నడత ఎలా తయారవుతుందో తెలుగు సాహిత్యం శాస్త్రగ్రంథాల కంటే స్పష్టంగా చూపింది. గురజాడ ‘కన్యాశుల్కం’ 1897లో వెలువడింది. 1909లో విస్తృతమైన రెండవ రూపం పొందింది. నాటకంలో వ్యాజ్యం ఒక వ్యసనం. అగ్నిహోత్రావధానులు కోర్టు కాగితాల మధ్య బతుకుతాడు. అతని కోపమే అతనికి శత్రువు. లుబ్ధావధాన్లు చేయని హత్యకు నిందితుడవుతాడు. అతడు పెళ్ళాడింది ఆడపిల్ల వేషంలో ఉన్న శిష్యుణ్ణి. హతురాలని చెప్పే పిల్ల అసలు లేనేలేదు. ఈ చిక్కును విప్పే నిజం సౌజన్యారావు పంతులుకు చేరేది మగవేషంలో వచ్చిన మధురవాణి ద్వారా. ‘మర్యాదస్తురాలు’ కానందున స్వరూపంతో రాలేని మనిషి, వేషంతో నిజాన్ని తెస్తుంది. రూపాన్ని బట్టి మాట విలువ కట్టే వ్యవస్థలో నిజం కూడా వేషం కట్టవలసి వస్తుందన్నది గురజాడ చూపిన విషాద హాస్యం.

స్వయంగా న్యాయవాది అయిన రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘ఆరు సారా కథలు’లో మద్యనిషేధ చట్టం చుట్టూ అల్లుకున్న పోలీసు, కోర్టు లోకాన్ని చిత్రించాడు. వాటిలో ‘మాయ’ కథ యువ వకీలు మూర్తిని, సారా కేసులో చిక్కిన ముత్యాలమ్మను ఎదురెదురుగా నిలుపుతుంది. మూర్తికి చట్టం తెలుసు. ముత్యాలమ్మకు చట్టం నడిచే తీరు తెలుసు. ఆమె విశాఖ మాండలికంలో సుదీర్ఘంగా మాట్లాడినప్పుడు పాఠకుడికి కనిపించే తెలివి, ధైర్యం, లోకజ్ఞానం ఏ వాంగ్మూలంలోనూ ఇమిడేవి కావు. రికార్డు వదిలేసిన మనిషిని కథ నమోదు చేస్తుంది. అందుకు మాండలికమే సాధనం కావడం యాదృచ్ఛికం కాదు.

తెలంగాణలో న్యాయమూర్తిగా పనిచేసిన మంగారి రాజేందర్ ‘జింబో’ తన కవితాసంపుటికి ‘హాజిర్ హై’ అని పేరు పెట్టడం ఇక్కడ గమనార్హం. కోర్టు గుమ్మం దగ్గర వినిపించే పిలుపులోని మాట అది. ఉత్తరాంధ్ర రచయితలు వకీలు వైపు నుంచి చూసిన లోకాన్ని తెలంగాణ రచయిత న్యాయపీఠం వైపు నుంచి, ఆ పిలుపు భాషలోనే తాకాడు.

ఈ సందర్భంలో ‘బోను’ అనే మాటను కూడా పరిశీలించాలి. పులిని, ఎలుకను పట్టే సాధనానికి ఏ పేరో, నేరం మోపబడినవాడు నిలిచే చోటికీ అదే పేరు. సాయం చేయడానికి వచ్చిన సాక్షి నిలిచే చోటికి కూడా అదే. జనం పెట్టుకున్న ఈ పేరులో ఒక విమర్శ దాగి ఉంది. న్యాయస్థానం సాక్షిని అతిథిగా పిలిచినా, సాక్షి తనను చిక్కినవాడిగానే భావిస్తున్నాడు.

5. హితబోధలో మూడు పొరలు

ఈ వెలుగులో చూస్తే కోర్టు నడతపై హితబోధ మూడు పొరలుగా విడిపోతుంది.

మొదటిది చట్టం కోరేది. సమన్లు అందితే హాజరు కావాలి. ప్రమాణం చేసి నిజం చెప్పాలి. విచారణ సాగిస్తున్న న్యాయాధికారిని కావాలని అవమానించకూడదు, అడ్డుకోకూడదు. చివరిది భారతీయ న్యాయ సంహిత 267వ సెక్షన్ కింద నేరం. రెండవది క్రమం కోరేది. ఫోను మోగకుండా చూసుకోవడం, ఒకరు మాట్లాడుతుండగా మరొకరు మాట్లాడకపోవడం, తెలియనిది తెలియదని చెప్పడం ఇందులోకి వస్తాయి. ఇవి అందరి మేలుకే.

మూడవది అలవాటు పేర్చినది. భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకోవడం, చెప్పులు బయట విడవడం, చేతులు కట్టుకోవడం, ‘దొరా’ అనడం చట్టం నుంచి రాలేదు. గడీ ముందు నిలబడిన తరాల జ్ఞాపకం నుంచి వచ్చాయి. న్యాయవాదుల నల్లకోటుకు నియమాలున్నాయి; కక్షిదారు తువ్వాలకు నియమం లేదు. ‘మై లార్డ్’ వంటి పిలుపులు వలస పాలన అవశేషాలని, కింది కోర్టులలో ‘సర్’ అనో స్థానిక భాషలో దానికి సమానమైన మాటో చాలునని 2006లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పేర్కొన్నది. వకీలుకు దొరికిన ఈ వెసులుబాటు వార్త కక్షిదారుకు ఇంకా చేరవలసి ఉంది.

మనిషి తనను తాను ఎలా కనబరచుకోవాలో చెప్పే బోధ, అతనిని ఇతరులు ఎలా కనబరుస్తున్నారన్న దానిని కూడా పట్టించుకోవాలి. 1980లో ప్రేమ్‌శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు బేడీలు వేయడం సహజంగానే అమానుషమని, తప్పనిసరైతే కారణాలు నమోదు చేయాలని చెప్పింది. కొత్త సంహిత 43వ సెక్షన్ కొన్ని తీవ్ర నేరాలలో, పాత నేరస్థుల విషయంలో అరెస్టు సమయంలోనూ కోర్టులో హాజరుపరిచేటప్పుడూ బేడీలను అనుమతించింది. వికారాబాద్ జిల్లా లగచర్ల భూసేకరణ వివాదంలో అరెస్టయిన ఒక గిరిజన రైతును 2024 డిసెంబరులో సంగారెడ్డిలో బేడీలతో ఆసుపత్రికి తీసుకువెళ్ళిన దృశ్యం రాష్ట్రమంతటా చర్చకు వచ్చింది. ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. అది కోర్టు గది కాదు. అయినా ఒక్క చిత్రం మనిషిని తీర్పుకు ముందే ఎలా నిర్వచిస్తుందో ఆ దృశ్యం చూపింది. చేతికి బేడీ ఉన్నప్పుడు శుభ్రమైన చొక్కా గురించిన సలహాకు అర్థం లేదు.

6. చెప్పకుండా వదిలినవి

హితబోధ విడిచిపెట్టిన విషయాలు చట్టంలోనే ఉన్నాయి. సాక్ష్యం పూర్తయ్యాక రాసినదాన్ని సాక్షికి చదివి వినిపించాలని, అవసరమైతే సరిచేయాలని, రాసిన భాష సాక్షికి రానప్పుడు అతనికి తెలిసిన భాషలో వివరించాలని సంహిత 313వ సెక్షన్ చెబుతుంది. సాక్షి ఒప్పుకోని భాగాన్ని న్యాయాధికారి దిద్దకపోయినా, అతని అభ్యంతరాన్ని నమోదు చేయవలసి ఉంటుంది. నిందితుడికి తెలియని భాషలో సాక్ష్యం సాగితే, దానిని అతనికి తెలిసిన భాషలో బహిరంగ న్యాయస్థానంలోనే వివరించాలని 314వ సెక్షన్ ఆదేశిస్తుంది. దుబాసీ నిజమైన అనువాదం చెప్పడానికి బద్ధుడని 317వ సెక్షన్ అంటుంది. అవమానించడానికో విసిగించడానికో వేసే ప్రశ్నలను కోర్టు నిషేధించాలని 1872 సాక్ష్య చట్టంలోని 152వ సెక్షన్ చెప్పింది; భారతీయ సాక్ష్య అధినియమం కూడా దానిని నిలుపుకున్నది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, పారిశ్రామిక కార్మికులకు, నిర్బంధంలో ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం పొందే అర్హతను 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ఇచ్చింది. ఫోను సంఖ్య 15100 దానికి దారి.

“తడబడకు” అని చెప్పడానికి బదులు “ప్రశ్న అర్థం కాకపోతే మళ్ళీ అడగమను” అని చెప్పవచ్చు. “అడిగినదానికే జవాబు చెప్పు” అన్న తరువాత “రాసింది చదివి వినిపించమను; నువ్వు చెప్పనిది ఉంటే అక్కడే చెప్పు” అని కలపవచ్చు. తండా నుంచి వచ్చిన స్త్రీకి “జడ్జిగారి వైపు చూడు” అనడం కంటే “నీ భాషలో చెప్పు, దుబాసీని అడుగు” అనడం ఎక్కువ ఉపకారం. తాండూరు వంటి పట్టణంలో ఈ నాలుగు మాటలు తెలుగు, ఉర్దూ, కన్నడం, లంబాడీలలో అందుబాటులో ఉండటం న్యాయవిజ్ఞాన సదస్సుల కనీస బాధ్యతగా భావించాలి. ‘పేషీ’, ‘బయాను’ వంటి వాడుక మాటలను అందులో నిస్సంకోచంగా వాడాలి. ‘ముద్దాయి’ వంటి రెండర్థాల మాట ఉన్నచోట ‘నిందితుడు’, ‘దావా వేసినవాడు’ అని విడమర్చాలి.

దీనికొక అభ్యంతరం రావచ్చు. పెండింగు కేసుల బరువు కింద ఉన్న కింది కోర్టులో ప్రతి సాక్షీ మళ్ళీ అడగమంటే, చదివి వినిపించమంటే విచారణ సాగదని అనవచ్చు. కాలం ఖర్చవుతుందన్నది నిజమే. కాని తప్పుగా నమోదైన ఒక్క వాక్యం అప్పీలు దాకా వెళ్ళి తినే కాలం అంతకన్నా ఎక్కువ. పైగా ఇది కొత్త కోరిక కాదు. చట్టం ఇప్పటికే విధించిన కర్తవ్యం.

7. ముగింపు

నడతను గురించిన హితబోధ మొత్తం పనికిరానిది కాదు. చట్టం కోరేదాన్ని, క్రమం కోరేదాన్ని అది సామాన్యుడికి చేరవేస్తున్నది. దాని లోపం గడీ నాటి విధేయతను న్యాయస్థాన మర్యాదగా పొరబడటంలో ఉంది. భాషకు సంబంధించిన హక్కులను చెప్పకుండా వదలడంలో ఉంది. నుదుటి చెమట దోషాన్ని నిశ్చయించదని కల్యాణి పండితుడు చెప్పి దాదాపు 900 ఏళ్ళయింది. మధురవాణికి, ముత్యాలమ్మకు మన రచయితలు తమ నోటితో మాట్లాడే చోటు ఇచ్చారు. తెలుగు పరిశోధన ఇకపై వాంగ్మూలాన్ని కూడా ఒక పాఠంగా స్వీకరించి, మాటకు రాతకు మధ్య జరిగే మార్పును మాండలిక శాస్త్ర, అనువాద విమర్శ పద్ధతులతో పరిశీలించవలసి ఉంది. పలు భాషలు కలిసే తాండూరు అందుకు అనువైన క్షేత్రం.